మహారాజరాజశ్రీ జమ్ములమ్మ గారికి

"నీకెవడు రాస్తడే కార్డు?"

టప్పా ఖాదర్ సాబు ఈ మాట అడిగింది రాజోలి సంతలో, వందమంది వింటుండగా. అడిగించుకున్నది ఎనిమిదేండ్ల పిల్ల, ఎద్దుల కురుమయ్య కూతురు జమ్ములమ్మ. ఇంట్లో జమ్ములు అంటారు. సాబును తప్పుపట్టడానికి లేదు. ఆ పిల్ల అప్పటికి మూడు సంతల నుంచి వరసగా వచ్చి ఆయన ఎదుట నిలబడుతోంది. సంచి ఖాళీ అయ్యేదాకా రెప్ప వేయకుండా చూస్తుంది. ఖాళీ అయ్యాక సంచిలోకి ఓసారి తొంగిచూసి మరీ పోతుంది. నాలుగో సంతనాడు ఓపిక చచ్చి, "సాబ్, నా పేరు ఎప్పుడు పిలుస్తవు?" అని అడిగేసింది. దానికి ఆయన ఇచ్చిన జవాబు అది.

"ఎవరో ఒకరు రాస్తరు తియ్," అంది జమ్ములు.

"రాసెటోడు ఊరు దాటి ఉండాలె గద బిడ్డా. మీ నాయన ఇంట్లనే ఉండె. మీ అవ్వ ఇంట్లనే ఉండె. ఇగ మీ ఎద్దులు రాయాలె."

సంత గొల్లుమంది. జమ్ములు నవ్వలేదు, ఏడవలేదు. వచ్చే గురువారం మళ్లీ వచ్చి అక్కడే నిలబడింది.

1937లో మాట. రాజోలికి టప్పా, అంటే తపాలా, వారానికి ఒక్కసారే, గురువారం సంతనాడు, గద్వాల నుంచి వచ్చేది. ఇల్లిల్లూ తిరిగి పంచే పని ఖాదర్ సాబు పెట్టుకోలేదు. చుట్టుపక్కల పదూళ్ల జనం సంతలోనే ఉన్నప్పుడు కాళ్లరగదీసుకోవడం ఎందుకు? చావడి అరుగెక్కి, తోలుసంచి విప్పి, ఒక్కొక్క పేరూ గొంతెత్తి పిలిచేవాడు. ఆ గొంతు లేస్తే ఎడ్ల బేరగాళ్లు కూడా బేరం ఆపేవారు. పిలుపు అందుకున్నవాడు గుంపును చీల్చుకుంటూ వచ్చి కార్డు తీసుకునేవాడు. వాడు వెనక్కి పోయేటప్పుడు నడకే వేరుగా ఉండేది. అప్పటిదాకా చింతపండు దగ్గర పైసకు తగువులాడినవాడే, కార్డు చేతిలో పడ్డాక పైస వదిలేసి పోయేవాడు.

ఆ కార్డులకు గుర్తులుండేవి. చావు కబురైతే మూల చింపి ఉంటుంది. దాన్ని సాబు పైకి పిలవడు. సంచి అడుగునే ఉంచి, సంత విడిచాక ఆ ఇంటికే పోయి చెవిలో చెప్పి వస్తాడు. పెండ్లి కబురైతే నాలుగు మూలలా పసుపు ఉంటుంది. దాన్ని అన్నిటికంటే ముందు, అన్నిటికంటే గట్టిగా పిలుస్తాడు. పసుపు కార్డు అందుకున్నవాడు సాబు చేతిలో ఎంతో కొంత పెట్టాలని ఆనవాయితీ. చదువురాని పిల్లకు కూడా ఈ లెక్క చూపులతోనే అర్థమైంది. ఇంకో లెక్క కూడా అర్థమైంది. పిలిచే పేర్లన్నీ మగవాళ్లవే. ఆడమనిషికి ఉత్తరం వస్తే అది ఆమె మొగుడి పేరు మీదో, కొడుకు పేరు మీదో వచ్చేది.

పల్లెటూరి పిల్లల కోరికలు అమాయకమైనవని రాసేవాళ్లు ఉంటారు. జమ్ములు కోరికలో అమాయకత్వం ఏ కోశానా లేదు. ఆమెకు కావలసింది కబురు కాదు. తన పేరు సంతలో వినిపించాలి, తను గుంపును చీల్చుకుంటూ పోవాలి. అంతే.

మరుసటేడు ఎండాకాలంలో దానికి దారి దొరికింది. వరసగా రెండేండ్లు వాన ముఖం చాటేసింది. కురుమయ్య తమ్ముడు మద్దిలేటి, ఇరవై రెండేండ్లవాడు, ఇంకా పెండ్లి కానివాడు, సోలాపురం బట్టల మిల్లులో పనికి పోతానన్నాడు. వాండ్ల తల్లి బాలనాగమ్మ మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజు అన్నం తిని, కొడుక్కు సద్దిరొట్టెలు కట్టింది. పోయేటప్పుడు మద్దిలేటి అన్న కూతుర్ని ఎత్తుకుని, "ఏం తేవాలె బిడ్డా నీకు? గాజులా, రైక గుడ్డనా?" అన్నాడు.

"ఏం తేవద్దు చిన్నాయనా. కార్డు రాయి. నా పేరు మీద."

"నీ పేరు మీదనా? మీ నాయనకు రాస్తే నీకు రాసినట్టు కాదా?"

"కాదు."

"అవ్వకు రాస్తే?"

"అవ్వ అడగలే గద. నేను అడిగిన."

మద్దిలేటి నవ్వి దించేశాడు. ఆ నవ్వు చూసి జమ్ములు ఆశ వదిలేసుకుంది. పెద్దవాళ్లు నవ్వి ఒప్పుకున్నవి ఎప్పుడూ జరగవని ఆమె అనుభవం.

ఈసారి జరిగింది. ఆరో సంతనాడు ఖాదర్ సాబు ఒక కార్డు తీసి, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మహారాజరాజశ్రీ ఎద్దుల జమ్ములమ్మ గారూ!"

సంతంతా తల తిప్పింది. ఎవరీ మహారాజరాజశ్రీ? ఏ ఊరి దొరసాని? బెల్లం అమ్మే బుచ్చన్న లేచి నిలబడి, మేనా ఏమైనా వచ్చిందేమోనని దారి వైపు చూశాడు. అరుగు ముందే నిలబడ్డ జమ్ములు కూడా వెనక్కి తిరిగి చూసింది. నెలల తరబడి ఎదురుచూసిన పిలుపు వచ్చేసరికి అది తనదేనా అని అనుమానం వచ్చింది.

"పలుకవేం పోరీ? నీదే! ఎద్దులు కాదు, మనిషే రాసిండు," అన్నాడు సాబు. అరుగు దిగి, రెండు చేతులా కార్డు పట్టుకుని, దర్బారులో నజరానా ఇచ్చినట్టు వంగి ఇచ్చాడు. "తీసుకోండి అమ్మగారూ."

జమ్ములు తీసుకుంది. తిరిగి పోయేటప్పుడు గుంపును చీల్చాల్సిన పని లేకపోయింది; జనమే నవ్వుతూ దారి ఇచ్చారు.

ఆ మహారాజరాజశ్రీ సంగతి ఏమిటంటే, మద్దిలేటికి రాత రాదు. అతని గదిలోనే ఉండే కర్నూలు వైపు కుర్రవాడు ఏసురత్నం మిషను బడిలో చదివాడు. అతనికి ఉత్తరం మొదలుపెట్టడం ఒక్క రకంగానే వచ్చు. తాసీల్దారుకైనా, మేనత్తకైనా, తొమ్మిదేండ్ల పిల్లకైనా అదే మహారాజరాజశ్రీ, అదే గారు. ఎద్దుల వాళ్లను ఏడు తరాలుగా ఎవరూ గారు అనలేదు. మొదటి గారు జమ్ములుకు దక్కింది.

చదివిపెట్టడానికి శంకరయ్య పంతులు ఉండనే ఉన్నాడు. ఇంటి ముందు పంచలో పది మంది పిల్లలకు ఓనమాలు దిద్దించేవాడు. కార్డు చదివితే దోసెడు పల్లికాయలు, రాస్తే రెండు దోసిళ్లు పుచ్చుకునేవాడు. ఆయన కురుమయ్య వాకిట్లో కూర్చుని చదివాడు: "ఇక్కడ మేము క్షేమం. అక్కడ తమరి క్షేమం తెలియజేయగలరు. ఈ ఊళ్లో నల్లా తిప్పితే నీళ్లొస్తవి. పొద్దున మిల్లు భోంగా మోగితే మూడు కోసుల దూరం వినిపిస్తది. మా మిల్లు పొగగొట్టం మన కోట బురుజు కంటె మూడింతలు ఎత్తు. అవ్వ అన్నం తింటున్నదా?"

చదివి, కార్డు తిప్పి అడ్రసు చూసి, పంతులు ముఖం ముడిచాడు.

"ఆడపిల్ల పేరు అంగట్ల అరిపించొద్దు కురుమయ్యా. శాస్త్రం ఒప్పదు. ఈసారి నీ పేరు మీద రాయమని చెప్పు."

కురుమయ్య అరక బాగుచేసుకుంటున్నాడు. "నేను చెప్తె వింటదా అది? నువ్వే చెప్పు."

అప్పుడే సంత ముగించుకుని దాహానికి ఆగిన ఖాదర్ సాబు చెంబు దించి అన్నాడు: "ఏ శాస్త్రం పంతులూ? జర పుస్తకం తెచ్చి చూపియ్యి. టప్పాలు రాకముందే టప్పా మీద శాస్త్రం రాసినోడు ఎవరో నాకూ తెల్వాలె."

"నీకెందుకు సాబూ మా శాస్త్రం?"

"పిలిచెటోన్ని నేను గద. పాపం వస్తే నాకే వస్తది, నీకు పల్లికాయలే వస్తయి."

పంతులు పల్లికాయలు కండువాలో మూట కట్టుకున్నాడు. శాస్త్రం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే కార్డులు తగ్గుతాయి, కార్డులు తగ్గితే పల్లికాయలు తగ్గుతాయి.

అవ్వ అలక మాత్రం అంత తేలిగ్గా పోలేదు. "కన్నతల్లి సచ్చిందా బతికిందా లేదు, పోరికి మాత్రం కార్డులు రాస్తుండు," అని వాకిట్లో కూర్చుని పోయేవాళ్లకు, వచ్చేవాళ్లకు చెప్పుకునేది. కాని ప్రతి కార్డునూ పంతులు దగ్గర ఒకసారి, కురుమయ్య నోట ఒకసారి, జమ్ములు నోట రెండుసార్లు చెప్పించుకుని వినేది.

కార్డులు పదిహేను రోజులకొకటి వచ్చేవి. మద్దిలేటి జంటకార్డు పంపేవాడు. ఒక సగం మీద అతని కబురు, రెండో సగం ఖాళీ. ఆ సగానికి కూడా రుసుము అతనే కట్టి ఉండేవాడు. పంతులు దాని మీద నాలుగు ముక్కలు రాసి డబ్బాలో వేస్తే జవాబు సోలాపురం చేరేది. ఇంట్లోవాళ్లకు ఒక్క పైసా ఖర్చు లేదు. కొన్నాళ్లకు మద్దిలేటి ఇంకో వేడుక మొదలుపెట్టాడు. మిల్లులో గుడ్డ తానుల మీద రంగు బొమ్మలు అంటిస్తారు. చిరిగిపోయినవో, మిగిలిపోయినవో ఏరుకుని ఒక్కొక్కటి కార్డు మీద అతికించి పంపేవాడు. మొదటిది రామచిలుక. తర్వాత పులి. ఆ తర్వాత గులాబీ రంగు చీర కట్టుకుని అద్దంలో చూసుకునే ఆడమనిషి. బొమ్మ కార్డు వచ్చిన రోజు ఖాదర్ సాబు దాన్ని ఎత్తి నాలుగు దిక్కులా చూపించిగాని ఇచ్చేవాడు కాదు. సంత మొత్తం చేతులు మారి, బుచ్చన్న బెల్లం వేళ్ల ముద్రలు, మిరపకాయ బజ్జీల నూనె మరక పడ్డాక జమ్ములు చేతికి వచ్చేది. ఆమె మరకలు తుడిచేది కాదు. ఎంతమంది చూస్తే కార్డుకు అంత బరువు.

కరణం కచేరీలో కాగితాలు ఇనుప తీగకు గుచ్చి వేలాడదీస్తారు. జమ్ములు అలాంటి తీగ ఒకటి సంపాదించి, వంటింటి దూలానికి కట్టి, కార్డులన్నీ వచ్చిన వరసలో గుచ్చింది. రోజూ ఒకసారి పీట వేసుకుని ఎక్కి లెక్కపెట్టేది. ఇరవై ఆరయ్యాయి.

ఇరవై ఆరు దగ్గర లెక్క ఆగిపోయింది.

వానలు మొదలయ్యాయి. ఒక సంత పోయింది, రెండు పోయాయి. ఖాదర్ సాబు సంచి బోర్లించి చూపించేవాడు. "లేదు బిడ్డా." ఆరు సంతలు అలా గడిచాయి. అవ్వ దేవుళ్లకు మొక్కుకుంది. కురుమయ్య, "పనిల పడిండు తియ్," అన్నాడు. జమ్ములుకు చిన్నాయన ఆరోగ్యం గురించి బెంగ లేదు. చావు కబురైతే మూల చింపిన కార్డు వచ్చేది కదా! ఆమె దిగులు వేరే. అరుగు ముందు నిలబడి పేరు పిలిపించుకోకుండా తిరిగి రావడం. ఏడాది కిందట ఎవరికీ తెలియని పిల్లగా తిరిగి రావడం ఒక రకం. సంతంతా మహారాజరాజశ్రీ అని ఆటపట్టించాక ఉత్త చేతులతో రావడం ఇంకో రకం. "ఏం దొరసానీ, జాగీరు పోయిందా?" అని బుచ్చన్న అడిగిన రోజు ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. తానే రాయాలి.

జంటకార్డులో ఖాళీ సగం లేదు, అయిపోయింది. పల్లి చేన్లో కలుపు తీసినందుకు తల్లి ఇచ్చిన రెండు దుగ్గానీ బిళ్లలు పట్టుకుని ఖాదర్ సాబు దగ్గర కార్డు కొంది. "ఎవరికి?" అన్నాడు సాబు. "అమ్మ తెమ్మన్నది," అంది జమ్ములు. సాబు ఇచ్చాడు. అది నైజాం సర్కారు కార్డు. నైజాం ఇలాకా లోపల ఎక్కడికైనా పోతుంది. ఆ పొలిమేర దాటి ఇంగ్లీషు ఇలాకాలో పడితే దానికి విలువ లేదు. రుసుము కట్టని కార్డు కిందే లెక్క. సోలాపురం ఇంగ్లీషువాళ్లది. ఈ సంగతి సాబుకు తెలుసు, జమ్ములుకు తెలియదు. పంతులుకు తెలిసి ఉండాలి గాని, "కార్డు కార్డే," అనుకునే రకం ఆయన.

పంతులు కలం పట్టుకుని, "చెప్పు," అన్నాడు.

"చిన్నాయనా, ఆరు సంతలాయె. నా పేరు పిలుస్తలేరు. బుచ్చన్న నవ్వుతుండు. కార్డు రాయి. బొమ్మ లేకున్నా సరే."

"క్షేమ సమాచారాలు?"

"అయి ఎందుకు? పైసలు దండుగ."

"కార్డుకు ఎన్ని మాటలైనా ఒకటే రేటు పిల్లా."

"అయితే ఎద్దుకు కాలు బాగయిందని రాయి."

రాయడం అయింది. ఇంటికి తెచ్చాక కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. పేలవంగా ఉంది. వంద కార్డుల్లో ఒక కార్డు. చిన్నాయన చూసి పక్కన పెట్టేస్తే? ఎవరూ పక్కన పెట్టని కార్డు ఏది? అందరికంటే ముందు పిలిచేది, అందుకున్నవాడు నవ్వుతూ తీసుకునేది, పసుపు కార్డు. వంటింట్లో పసుపు డబ్బా అందుబాటులోనే ఉంది. నాలుగు మూలలా నాలుగు వేళ్లతో బాగా దట్టించింది. పసుపు చూస్తే ఖాదర్ సాబు మామూలు అడుగుతాడని భయం వేసి, ఆయన చేతికి ఇవ్వకుండా చావడి గోడకున్న డబ్బాలో వేసి పరుగెత్తి వచ్చింది. డబ్బాలోవి సాబు చూడకుండానే సంచిలోకి గుమ్మరించుకుపోతాడు.

మూడు సంతలు గడిచాయి. నాలుగో గురువారం కార్డు రాలేదు. మద్దిలేటే వచ్చాడు.

మిల్లు గుడ్డ అంగీ, కొత్త ధోతి, తల మీద రేకు పెట్టె. సంత మధ్య నుంచి నడిచి వస్తుంటే జనం దారి ఇచ్చారు. ఇంటి ముందుకు రాగానే పెట్టె దించి, అటూ ఇటూ చూశాడు. పందిరి లేదు, తోరణాలు లేవు. జొన్నలు చెరుగుతున్న బాలనాగమ్మ చాట వదిలేసి లేచింది.

"ఎవరి పెండ్లే అమ్మా?" అన్నాడు మద్దిలేటి.

"ఏం పెండ్లిరా?"

"గదే నేనూ అడుగుతున్న. ఎవరి పెండ్లి?"

"ఎవరి పెండ్లని వచ్చినవురా నువ్వు?"

"నాదే అనుకున్ననే! ఈ ఇంట్ల పెండ్లికి ఉన్నది నేనొక్కన్నే గద! పిల్లెవరో తెల్వక రైల్ల రెండు దినాలు కునుకు లేదు నాకు."

కురుమయ్య బావి దగ్గర నుంచి వచ్చాడు, పంతులు పంచ నుంచి వచ్చాడు. అందరి ముందూ మద్దిలేటి సంగతి చెప్పాడు. ఏసురత్నం రెండు నెలల కింద తండ్రికి బాగోలేదని ఊరికి పోయాడు. సోలాపురంలో తెలుగు మాట్లాడేవాళ్లు గల్లీకి నూరుమంది, రాసిపెట్టేవాడు ఒక్కడు దొరకలేదు. ఒక ఆదివారం తాను నల్లా కింద స్నానం చేస్తుంటే డాకువాడు వచ్చి కార్డు చూపించాడు. నాలుగు మూలలా పసుపు! చేయి చాస్తే ఇవ్వలేదు. బేరంగు కార్డంట, రుసుము కట్టలేదంట, అణాన్నర కట్టమన్నాడు. తడిగుడ్డ మీద ఉన్నవాడి దగ్గర అణాన్నర ఎక్కడిది? గదికి పోయి తెచ్చేలోపల వాడు పోయాడు. మరునాడు డాకు ఆఫీసుకు పోతే, తీసుకోని కార్డు తిప్పి పంపేశామన్నారు.

"పసుపైతే కండ్లార చూసిన. పదిహేను రోజుల రజా తీసుకొని వచ్చిన. ఇప్పుడు పెండ్లి లేదంటరేంది?"

పంతులు నెమ్మదిగా జమ్ములు వైపు తిరిగాడు. "నేను రాసింది ఎద్దు కాలు బాగయిందని. పసుపు పెట్టమని ఎవరు చెప్పిన్రు?"

జమ్ములు గుమ్మం చాటుకు జరిగింది. "పసుపు పెడితే ముందు పిలుస్తరని," అంది.

కురుమయ్య గోడకు ఆనుకుని కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. మద్దిలేటి కోపం తెచ్చుకుందామని చూసి, కుదరక తానూ నవ్వాడు. బాలనాగమ్మ నవ్వలేదు. ఆమె అప్పటికే ఇంకో లెక్కలో ఉంది.

"పసుపు ముట్టిన కార్డు ఊకె పోవద్దు," అంది గంభీరంగా. "వచ్చినోడు వచ్చిండు. రజా పదిహేను దినాలుంది. చేస్త."

ఆ మాట ఏ పెద్దలు ఎప్పుడు చెప్పారో ఎవరికీ తెలియదు. ఆమె అప్పుడే పుట్టించి ఉంటుంది. శాస్త్రాలు చాలావరకు ఇలాగే పుడతాయి. పన్నెండో రోజుకు అమరచింత నుంచి మణెమ్మ అనే పిల్లను తెచ్చి కొడుక్కు ముడివేసింది. ఈసారి నిజమైన పసుపు కార్డులు పోయాయి. జమ్ములును పసుపు డబ్బా దగ్గరికి రానివ్వలేదు.

అసలు ప్రమాదం అప్పుడు ముంచుకొచ్చింది. తలంబ్రాల బియ్యం ఇంకా ఊడ్వకముందే అవ్వ ప్రకటించింది: "ఇగ సోలాపురం లేదు గీలాపురం లేదు. వానలు మంచిగ పడ్డయి. అన్నదమ్ములిద్దరు సేద్యం చేసుకొని ఇంట్లనే ఉండున్రి."

మద్దిలేటి అవునని గాని, కాదని గాని అనలేదు. పంతులు తల్లి రుణం గురించి అరగంట చెప్పాడు. చుట్టాలు తలలూపారు. చిన్నాయన ఇంట్లోనే ఉంటే ఇక కార్డు రాసేదెవరు? ఇంట్లో ఉన్నవాడు రాయడని ఖాదర్ సాబు మొదటి రోజే చెప్పాడు. జమ్ములు ఆగలేక అనేసింది:

"చిన్నాయన పోతేనే మంచిగుంటది."

అవ్వ కండ్లెర్రజేసింది. "ఏందే పోరీ! నా కొడుకును ఇంట్లకెల్లి యెల్లగొడ్తవా?"

"పోతేనే కార్డులు వస్తయి గద!"

"కార్డులు ముఖ్యమా నీకు, మనిషి ముఖ్యమా?"

జమ్ములు ఆలోచించింది. అబద్ధం చెప్పాలని ఆమెకు తోచలేదు. "మనిషి ఉన్నప్పుడు నన్ను ఎవరు పిలుస్తుండ్రు?" అంది. చుట్టాలు ఛీ ఛీ అన్నారు. కొత్త పెండ్లికూతురు మణెమ్మ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మరునాడు వంటింట్లో ఎవరూ లేనప్పుడు మణెమ్మ జమ్ములును దగ్గరికి పిలిచింది. ఆమెకూ పదిహేడేండ్లకు మించి ఉండవు. "ఆడ నల్లా తిప్పితే నీళ్లొస్తయంట, నిజమేనా? మాకు బాయి అర్ధకోసు," అంది.

"నిజమే పిన్నీ. రాసిండు. మొదటి కార్డు." జమ్ములు పీట వేసుకుని తీగ దించింది. మణెమ్మకూ చదువు రాదు. అయితేనేం, జమ్ములుకు అన్నీ నోటికి వచ్చు. ఒక్కొక్క కార్డు చూపిస్తూ, వేలు పెట్టి చదువుతున్నట్టే చెప్పింది. భోంగా మోగడం. బురుజుకు మూడింతలు పొగగొట్టం. రాత్రిపూట నూనె లేకుండా వెలిగే దీపాలు. ఆదివారం ఆడవాళ్లు కూడా కూచుని చూసే బొమ్మలాట. చిలుక, పులి, గులాబీ చీర మనిషి. మణెమ్మ ఆ మనిషి దగ్గర చాలాసేపు ఆగింది.

"ఆడ గిట్లనే ఉంటరా ఆడోళ్లు?"

"గట్లనే ఉంటరు," అంది జమ్ములు. ఆ ముక్క ఏ కార్డులోనూ లేదు.

మణెమ్మ మొగుడితో ఏమన్నదో తెలియదు. మూడో నాడు పొద్దున మద్దిలేటి తల్లి ముందు కూర్చుని, కాలి గోరు గిల్లుకుంటూ, "పోతం అమ్మా. ఇద్దరం పోతం. మిల్లుల ఆడోళ్లకు గూడ పని ఉన్నది," అన్నాడు. బాలనాగమ్మ మళ్లీ అన్నం మానేసింది. ఈసారి ఒక పూటే. కోడలు వెంట ఉంటుంది గనక కొడుకు తిండికి లోటుండదని తనకు తానే చెప్పుకుంది. బండి ఎక్కేటప్పుడు మణెమ్మ జమ్ములు చెవిలో, "నీ పేరు మీదనే రాపిస్త," అంది.

రాయించింది కూడా. ఏసురత్నం తిరిగి వచ్చాడు. ఇప్పుడు మొగుడూ పెండ్లాల పోటీలో కార్డులు వారానికొకటి వచ్చాయి. యుద్ధం వచ్చి కార్డు ధర పెరిగాక నెలకొకటి అయ్యాయి. తీగ నిండిపోతే రెండో తీగ కట్టింది. ఈ కార్డుల పుణ్యాన జమ్ములమ్మ చదువు నేర్చుకుందని రాస్తే చదివేవాళ్లకు తృప్తిగా ఉంటుంది. నేర్చుకోలేదు. ఏ కాగితం మీదున్నా తన పేరు మాత్రం గుర్తుపట్టేది. మిగతా అక్షరాలతో ఆమెకు పని పడలేదు. పద్నాలుగేండ్లకు అలంపూర్ దగ్గరి ఊరికి కాపురానికి పోయింది. పోయేటప్పుడు చీరలు మరిచిపోయింది గాని తీగలు మరిచిపోలేదు. అడ్రసు మారిందని సోలాపురానికి ముందే రాయించింది.

సోలాపురం బండి కదిలిన తర్వాతి గురువారం జరిగింది ఒక్కటి చెప్పాలి. ఆ రోజు కార్డు వస్తుందని జమ్ములు అనుకోలేదు. వాండ్లు ఇంకా ఊరు చేరి కూడా ఉండరు. ఊరికే, అలవాటు కొద్దీ పోయి నిలబడింది. ఖాదర్ సాబు సంచిలోంచి ఒక కార్డు తీసి, చూసి, కండ్లు పెద్దవి చేసి, మామూలు కంటే గట్టిగా పిలిచాడు.

"ఎద్దుల జమ్ములమ్మ గారూ! జర ఇటు రా. ఏందిది?"

ఆమె రాసిన కార్డే. సోలాపురం పోయి వాపసు వచ్చింది. పసుపు మూలల్లో ఇంకా ఉంది. మిగతా చోటంతా ముద్రలు: గుండ్రటివి, పొడుగువి, నల్లవి, ఊదా రంగువి. గద్వాల ముద్ర, రాయచూరు ముద్ర, సోలాపురం ముద్రలు మూడు, మళ్లీ రాయచూరు, మళ్లీ గద్వాల. అడ్డంగా ఎర్ర పెన్సిలు గీతలు. పంతులు రాసిన అక్షరాలు వాటి మధ్య ఎక్కడో ఇరుక్కున్నాయి. చిలుక, పులి దీని ముందు ఎందుకూ పనికిరావు. ఇంత తిరిగిన కార్డు రాజోలిలో ఎవరి దగ్గరా లేదు.

"ఇయ్యి సాబ్!"

"ఊకె ఇయ్యరు. ఇలాకా అవతలికి నైజాం కార్డు ఏస్తరా ఎవరన్న? ఇది బేరంగయింది. అక్కడోళ్లు తీసుకోలె గనుక రాసినోళ్లే కట్టాలె. అణాన్నర. అదీ కల్దారు, ఇంగ్లీషోళ్ల పైసలే. మన నైజాం హాలీ పైసలు నడువయి."

"కల్దారు మా ఇంట్ల లేదు. కోడిగుడ్లు తెస్త, ఆరు."

"టప్పాల గుడ్లు జమకట్టరు బిడ్డా."

"పల్లికాయలు?"

"నేనేమన్న పంతుల్నా?"

జమ్ములు కార్డు మీద నుంచి చూపు తిప్పలేదు. సంత గుమిగూడి చూస్తోంది. బుచ్చన్న మెడ సాచి, "ఎన్ని ముద్రలున్నయి సాబ్?" అని అడిగాడు. ఎవరో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఖాదర్ సాబు ఒకసారి పిల్లను, ఒకసారి గుంపును చూశాడు. కోటు లోపలి జేబులో వేలు పెట్టి వెతికి, కర్నూలు పోయినప్పుడు మిగిలిన కల్దారు చిల్లర తీసి, లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాడు. పుస్తకంలో ఏదో గీసుకున్నాడు. కార్డు ఇచ్చాడు.

"నేను కట్టిన. నాకు ఇయ్యాలె నువ్వు. యాది పెట్టుకో. కల్దారే ఇయ్యాలె."

"ఇస్త," అంది జమ్ములు, కార్డు పట్టుకుని గుంపులోంచి నడుస్తూ, వెనక్కి తిరగకుండా.

ఖాదర్ సాబును 1943లో వనపర్తికి మార్చారు. ఆ అణాన్నర ఆయనకు ఇంకా ముట్టలేదు.